పిల్లికూతలు

త్కిబులి బొగ్గుగనుల ఊళ్ళో
కరెంటు లేని మూడో రాత్రి.
వార్డంతటికీ ఒకటే లాంతరు.
దాని వెలుగు
ఆంబెర్కి మెడలో ఎగిరెగిరి పడే నరానికే సరిపోయింది.

ముప్పైయొక్కేళ్ళు భూమి కడుపులో తవ్వినవాడు
పడుకోలేడు, పడుకుంటే మునిగిపోతాడు.
మంచం అంచున కూర్చుని
మోకాళ్ళ మీద అరచేతులు ఊని
గాలిని బయటికి నెడుతున్నాడు,
బిగుసుకున్న తలుపును భుజంతో నెట్టినట్టు.
ఉబ్బసం పట్టి రెండు రోజులు, విడవలేదు.
ఇవాళ చీకటి పడ్డాక గుండె కూడా చేతులెత్తేసింది.
పాదం మీద వేలు నొక్కితే పడిన గుంట
పూడకుండా నా వైపే చూస్తూ ఉండిపోయింది.

"లోపల... పిల్లులు... డాక్టరమ్మా" అన్నాడు.
మూడు మాటలకి మూడు ఊపిర్లు.

అల్మారా తెరిచాను.
గుండె పరుగును నెమ్మదింపజేసే మాత్రలు
ఎవరి దయో, డబ్బా నిండా ఉన్నాయి.
ఒక్కటి వేస్తే చాలు
ఊపిరి గొట్టాలు పిడికిలి బిగిస్తాయి.
మార్ఫిన్ ఉంది. నిద్రపుచ్చుతుంది,
లేపే పూచీ దానిది కాదు.
యూఫిలిన్ నాలుగు ఆంపూళ్ళు:
గొట్టాలు తెరుస్తుంది, గుండెకి కొరడా తగిలిస్తుంది.
కరవమంటే కప్పకు కోపం
విడవమంటే పాముకు కోపం.
మరి కప్పా పామూ
ఒకే చొక్కాలో కూర్చుని రొప్పుతుంటే?

ముందు నీళ్ళు తోడాలి.
ఫ్యూరోసెమైడ్ నరంలోకి.
నాలుక కింద నైట్రోగ్లిసరిన్.
ప్రెడ్నిసొలోన్ ఇచ్చాను,
అది పని మొదలుపెట్టేసరికి
తెల్లారుతుందని తెలిసే ఇచ్చాను.
యూఫిలిన్‌ని సెలైన్‌లో కలిపి
చుక్క చుక్కగా...
యంత్రం లేదు కనుక
త్సియాలా తన మొగుడి చేతి గడియారంతో లెక్కపెట్టింది,
పెదవులు కదుపుతూ, జపమాల తిప్పినట్టు.

ఇక స్ట్రోఫాంతిన్.
మా గురువుల కాలం మందు, అలసిన గుండెకి అదిలింపు.
ఆంపూల్ చేతిలోకి తీసుకున్నాను.
కానీ తోడిన నీళ్ళతో పొటాషియం పోతోంది,
ప్రెడ్నిసొలోన్ దాన్నే తరుముతోంది.
ఎంత మిగిలిందో చెప్పాల్సిన ల్యాబ్
చీకట్లో తాళం వేసుకుని ఉంది.
ఎండుగడ్డి ఎంతుందో తెలియని కొట్టంలో
అగ్గిపుల్ల గీయాలా?
నా అరచేతి వేడికి గాజు వెచ్చబడింది.
వెచ్చబడిందాన్నే తిరిగి అల్మారాలో పెట్టాను.

మూడు దాటాక పిల్లులు ఆగిపోయాయి.
దొమ్నికా శిలువ గీసుకుంది.
"తగ్గింది, తల్లీ తగ్గింది" అని
నా చెయ్యి ముద్దుపెట్టుకోబోయింది.
స్టెతస్కోప్ ఆనించాను.
కుడివైపు ఏమీ లేదు.
ఎడమవైపు ఏమీ లేదు.
కూత పుట్టడానికైనా కాస్త గాలి కదలాలి కదా!
ఆయన కళ్ళు అప్పటికే
గదిలో ఎవరినీ వెతకడం మానేశాయి.

"ప్రసవాల గదికి పరిగెత్తు, మెగ్నీషియా అప్పడుగు!"
త్సియాలా చెప్పులు వదిలేసి పరిగెత్తింది.
నేను మాస్కు అదిమి సంచి పిసికాను.
నా రెండు చేతులే ఆయన ఊపిరి.
మెట్ల మీద ఆమె వట్టికాళ్ళ చప్పుడు
దూరమై, చాలాసేపు లేకుండా పోయి,
మళ్ళీ దగ్గరైంది.

ఏ తల్లి వాటాయో ఆ మెగ్నీషియా, అడగలేదు.
మెల్లగా ఎక్కించాను.
ఎంతసేపని చెప్పను, లాంతరు ఒకసారి నూనె అడిగింది.

అప్పుడు కుడి రొమ్ము అడుగున
కళ్ళు తెరవని పిల్లికూన ఒకటి, సన్నగా, మ్యావ్ మంది.
నా జన్మలో పిల్లికూతకి ఏడ్చింది అదొక్కసారే.

తెల్లారేసరికి సీసాలో తొమ్మిది వందల మిల్లీలీటర్లు.
త్సియాలా దాన్ని కిటికీ వెలుగుకెత్తి
కొత్త ద్రాక్షసారా చూసినట్టు మురిసిపోయింది.
దొమ్నికా సంచిలోంచి
దారానికి గుచ్చిన ఎండు ఖుర్మాపళ్ళు తీసింది.
చేత్తో చించి, ఆయన పెదవుల మధ్య పెట్టింది.
నమలలేదు. ఉమ్మలేదు కూడా.

నేను రిజిస్టర్ ముందు కూర్చున్నాను.
ఇచ్చినవన్నీ గంటల వారీగా రాశాను.
చివర, ఎవరూ అడగని ఒక వరుస:
స్ట్రోఫాంతిన్, ఇవ్వలేదు.
దాని పక్కన సంతకం చేస్తుంటే మాత్రం
చెయ్యి వణికింది.